2 మిల్లీమీటర్ల తల

ఫిల్ము కెమెరాల రోజుల సంగతి. పదవీ విరమణ సభ సాయంత్రమే. ల్యాబ్‌కి కస్టమరు తెచ్చింది 35 ఎం.ఎం. నెగటివ్, జనం కిక్కిరిసిన గ్రూప్ ఫొటో. కావాల్సింది వెనక వరుసలో చివర నిలబడ్డ పెద్దాయన ముఖం ఒక్కటే, 16×20 అంగుళాల కాగితం నిండా. ల్యాబ్ గోడమీది రేట్ల పట్టికలో కాగితం సైజులన్నీ ఉంటాయి, నెగటివ్ సైజు గురించి ఒక్క ముక్క ఉండదు. కౌంటర్లో డబ్బు కట్టించుకుని రసీదు చింపి ఇచ్చేస్తారు. మాటలు పడేది డార్క్‌రూమ్‌లో ఉన్నవాళ్ళు.

ఫ్రేము 24×36 మిల్లీమీటర్లు. అందులో ఆయన తల 2 మిల్లీమీటర్లు, నువ్వుగింజంత. అది కాగితం మీద 30 సెంటీమీటర్లు కావాలంటే 150 రెట్లు పెంచాలి. 50 ఎం.ఎం. లెన్సుని 151తో (రెట్లకి ఒకటి కలిపి) గుణిస్తే లెన్సుకి కాగితం ఎంత దూరంలో ఉండాలో తెలుస్తుంది: ఏడున్నర మీటర్లు. అంటే ఎన్‌లార్జర్ (నెగటివ్‌లోంచి వెలుతురు పంపి కాగితం మీద పెద్ద బొమ్మ వేసే యంత్రం) మేడమీద, కాగితం కింద, మధ్యలో స్లాబుకి కన్నం. ఇంటివాళ్ళు కన్నానికి ఒప్పుకున్నారనే అనుకుందాం. 8 రెట్లకి 10 సెకన్లు చాలిన వెలుతురు ఇక్కడ 280 రెట్లు పలచబడుతుంది కాబట్టి ఎక్స్‌పోజరు ముప్పావుగంట దాటుతుంది. అంత పలచటి వెలుతురు అంతసేపు ఇస్తే పేపరు మొద్దుబారుతుంది (రెసిప్రాసిటీ దెబ్బతినడం అంటే ఇదే), అదీ చాలదు. ఈలోగా దీపం వేడికి, గాజు లేని క్యారియర్లో (నెగటివ్‌ని పట్టుకునే చట్రం) నెగటివ్ ఉబ్బి ఫోకస్ తప్పుతుంది. మేడమీద ఎవరూ నడవకూడదు, తుమ్మకూడదు. నెగటివ్ మీద 0.1 మిల్లీమీటరు దుమ్ము కాగితం మీద ఒకటిన్నర సెంటీమీటర్ల మచ్చ. పెద్దాయనకి కొత్త పుట్టుమచ్చ.

సరే, ఎన్‌లార్జర్ హెడ్‌ని వెనక్కి తిప్పి, కింది పలక మీద బరువులు పెట్టి, నేలమీదికి వేస్తే 29 రెట్లు వచ్చింది. తల ఆరు సెంటీమీటర్లకి కాస్త తక్కువ. గ్రెయిన్ ఫోకసర్లో (ఫోకస్ సరిచూసే భూతద్దం) చూస్తే గ్రెయిన్, అంటే ఫిల్ము రేణువులు, అద్భుతం, రేణువు రేణువూ లెక్కపెట్టచ్చు. కనుబొమ్మలే లేవు. ఫిల్ము మిల్లీమీటరుకి 50 జతల గీతలు విడదీసిందనుకున్నా మొత్తం తలకి వందే. ఆయన ఒక్కో కంటికి దక్కేవి పదో పన్నెండో. అదే గుంపుని అదే ఫిల్ముతో 6×7 సెంటీమీటర్ల ఫ్రేములో తీసుంటే తల దాదాపు 4 మిల్లీమీటర్లు, 4×5 అంగుళాల షీటు మీదైతే దాదాపు 7 వచ్చేది, గ్రెయిన్ మాత్రం పెరగదు. 150 రెట్ల బదులు 45 దగ్గర పోయేది.

ప్రింటు ఆరకముందే కస్టమరు తీర్పు వచ్చింది: "ఫోకస్ కుదర్లేదండీ. ఇంకాస్త పెద్దది చేస్తే కళ్ళు కనబడతాయేమో?"

కౌంటర్లోంచి వెంటనే జవాబు: "20×24 కూడా ఉందండీ, వేయించమంటారా?"