రాళ్ళ బ్యాచ్‌కి ఇచ్చిన ఐదు నిమిషాలు

మన చెన్నై తెలుగు సంఘం ఉగాది సభకి వచ్చినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ప్రోగ్రాం కాగితంలో పంచాంగ శ్రవణానికీ పిల్లల కూచిపూడికీ మధ్య "మ్యూజియం నడకల నివేదిక - 5 ని." అని ఒక లైను ఉంది. ఆ ఐదు నిమిషాలూ నావి. మూడు కాగితాలు మడిచి పట్టుకుని స్టేజీ మెట్ల దగ్గర నలభై నిమిషాలు నించున్నా. శాలువాలు ఎంతకీ అవ్వలేదు. ఒక శాలువా, ఒక దండ, ఒక మెమెంటో, ఒక ఫోటో, కళ్ళు మూసుకుపోయాయని మళ్ళీ ఇంకో ఫోటో. చివరికి యాంకరమ్మాయి వచ్చి "ఆంటీ, టైం అయిపోయింది, మీది మ్యాగజైన్‌లో వేస్తామన్నారు" అంది. అందుకని మీరిప్పుడు దీన్ని మ్యాగజైన్‌లో చదువుతున్నారు, ఐదు నిమిషాలకంటే ఎక్కువే పడుతుంది, ఏమనుకోకండి.

దానికి నాకేం బాధ లేదు నిజంగా. ముప్పై ఏళ్ళు బ్యాంకు కౌంటర్లో చేసినదాన్ని, లైన్లో నించోడం, నించోబెట్టడం రెండూ అలవాటే. నాకు కాలింది ఆ తర్వాత.

ముఖ్య అతిథి గారు మైకు అందుకున్నారు. పేరెందుకులెండి, మంచి వక్త, గొంతు ఖంగుమంటుంది. "మన అమరావతి శిల్పాలు ఈ మద్రాసు మ్యూజియంలో మగ్గిపోతున్నాయి, మన సొత్తు మనకి తిరిగి రావాలి!" అన్నారు. ఇక చూడండి, హాలు హాలంతా చప్పట్లు, వెనక వరసలో ఎవరో ఈల కూడా వేశారు. నా పక్కనే కూర్చున్న ఒక పెద్దాయన, మన సంఘంలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాయన, చేతులు ఎర్రబడేలా కొట్టి, నా వైపు వంగి మెల్లిగా అడిగారు, "అవి ఎగ్మోర్‌లోనా ఉన్నాయి? స్టేషన్ దగ్గరేగా! నేను రోజూ అటే పోతా!"

నా చేతిలో మూడు కాగితాలు అలాగే ఉన్నాయి.

తెలియనివాళ్ళ కోసం మా గురించి రెండు ముక్కలు. మాకు పేరూ లేదు, రిజిస్ట్రేషనూ లేదు. పదకొండు మందిమి, అందులో ఏడుగురు రిటైరైనవాళ్ళు, ఇద్దరు ఐటీ పిల్లలు, ఒక తెలుగు టీచరు, ఒక మెడికల్ షాపాయన. సంఘంలో మమ్మల్ని "రాళ్ళ బ్యాచ్" అంటారని మాకు తెలుసు, మేమూ అలాగే అనుకుంటున్నాం. నెలకి ఒకసారి, రెండో శనివారం పొద్దున, పాంథియన్ రోడ్‌లో గవర్నమెంట్ మ్యూజియంకి ఎవరొస్తే వాళ్ళని తీసుకెళ్ళి, అమరావతి బౌద్ధ స్తూపం రాళ్ళున్న గ్యాలరీలో రెండు గంటలు తెలుగులో చెప్తాం. అంతే మా పని.

ఆ మ్యూజియం అంటే నాకు చిన్నప్పటి మోజు. మా నాన్న దాన్ని "చచ్చిన కాలేజీ" అనేవారు. పాత మద్రాసు తెలుగువాళ్ళు గుర్తుపడతారు, మూర్ మార్కెట్ దగ్గరి జూ బతికిన కాలేజీ, ఇది చచ్చిన కాలేజీ. కాలేజీ ఎందుకయిందంటే 1851లో మ్యూజియం మొదలెట్టింది కాలేజ్ రోడ్‌లోని ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ మేడ మీదట, ఆ మాట అలా అంటుకుపోయి ఉంటుందని నా ఊహ. ఇంకో తమాషా, ఆ బతికిన కాలేజీ కూడా పుట్టింది ఈ మ్యూజియం కాంపౌండ్‌లోనే, 1855లో. తర్వాతే జంతువులు పీపుల్స్ పార్కుకి పోయాయి, అక్కణ్ణించి 1985లో వండలూరుకి.

సరే, ఈ ఏడాది లెక్క. మొదటి నడకే మా పరువు తీసింది. నేనే వాట్సాప్‌లో పెట్టాను, సెలవు రోజు కదా అందరికీ వీలవుతుందని శుక్రవారం. ముప్పై మంది దాకా వచ్చారు, పిల్లలు, టోపీలు, నీళ్ళ సీసాలు, ఒకావిడ గిన్నెడు పులిహోర. గేటు మూసి ఉంది. వాచ్‌మన్ నన్ను పైకీ కిందకీ చూసి "అమ్మా, ఇన్నిక్కి వెళ్ళిక్కిళమై, లీవు" అన్నాడు. మ్యూజియంకి శుక్రవారం సెలవు, చిన్నప్పట్నుంచి వెళ్తున్నదాన్ని, నాకే గుర్తులేదు. ఫుట్‌పాత్ మీద చెట్టు కింద పులిహోర తిని ఇళ్ళకి పోయాం. మా ఆయన ఇప్పటికీ ప్రతి గురువారం రాత్రి "రేపు మ్యూజియంకి వెళ్తావా" అని అడుగుతారు.

మే 18 మ్యూజియం డేకి తెలుగు కరపత్రం వేద్దామనుకున్నాం. లేబుళ్ళు తమిళం, ఇంగ్లీషుల్లో ఉన్నాయి, తమిళనాట అది న్యాయమే, మనం చేతిలో పట్టుకునే కాగితం ఒకటి ఉంటే చాలనుకున్నాం. నాలుగు పేజీల కాగితానికి ఏడు వారాలు కొట్టుకున్నాం! స్తూపం చుట్టూ ఉండే ప్రాకారం మీది గుండ్రటి శిల్పాన్ని తెలుగులో ఏమనాలి, పతకం అంటే పరుగుపందెంలో ఇచ్చేదనుకుంటారు పిల్లలు. అడ్డంగా పెట్టిన రాళ్ళని పుస్తకాల్లో సూచి అని, పైన వరసని ఉష్ణీషం అని రాస్తారు, మా టీచరు గారు అవే ఉండాలని పట్టు, మెడికల్ షాపాయన "అడ్డకమ్మి, పైకమ్మి అంటే పోలేదా" అని. చివరికి రెండూ వేశాం. పిల్లలు పైకమ్మి దగ్గరే ఆగారు, టీచరు గారు నాతో పదిహేను రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఈ మ్యూజియంలోనే పనిచేసిన శివరామమూర్తి గారు 1942లో ఈ శిల్పాల మీద వేసిన బులెటిన్ మాకు పెద్ద బాలశిక్ష, అందులోంచి ఎంత దించుకున్నామో చెప్తే సిగ్గుచేటు.

ఆగస్టులో మద్రాస్ డే వారం బాగా జరిగింది, చెన్నపట్నానికి పేరిచ్చాడనే చెన్నప్ప నాయకుడి పేరు చెప్తే మనవాళ్ళు ఎక్కడికైనా వస్తారు. నవంబర్‌లో వారసత్వ వారం రెండు నడకలూ వానకి కొట్టుకుపోయాయి. డిసెంబర్ కచేరీల నెల, మన వాళ్ళు కూడా సభల క్యాంటీన్లలోనే దొరుకుతారు, నేనూ అక్కడే దొరికాను కాబట్టి ఏమీ అనను.

పిల్లలకి బాగా పట్టింది నాలాగిరి ఏనుగు. గుండ్రటి రాతిలో ఎడమవైపు ఏనుగు పిచ్చెక్కి మనిషి కాలు తొండంతో పట్టి ఎత్తేస్తోంది, మేడల మీంచి ఆడవాళ్ళు చూస్తున్నారు, కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. "రెండు ఏనుగులా?" అంటే కాదు, ఒకటే ఏనుగు, ముందు ఒకటి తర్వాత ఒకటి అని చెప్పగానే ఒక బుడ్డోడు "ఓ, కామిక్స్" అన్నాడు. ఇంకో పలక మీద నలుగురు ఆడవాళ్ళు పాదాలకి మొక్కుతుంటారు, పాదాలే ఉంటాయి, పైన మనిషి ఉండడు. పాత పలకల్లో బుద్ధుణ్ణి మనిషిగా చెక్కలేదు, ఖాళీ ఆసనం, చెట్టు, పాదాలు, అంతే. "బుద్ధుడు లీవా?" అని అదే బుడ్డోడు.

ఇప్పుడు చెప్పాల్సింది ఫిబ్రవరి నడక. ఆ మూడు కాగితాల్లో రెండు దీని గురించే.

నార్త్ మద్రాసులో ఒక పేట ఉంది, అక్కడి తెలుగు కుటుంబాలు తాతల కాలంలో ఊళ్ళు ఊడ్చే పనికి నెల్లూరు వైపు నుంచీ గుంటూరు వైపు నుంచీ వచ్చి నిలబడిపోయినవాళ్ళు. ఈ నగరాన్ని తరాలుగా ఊడ్చింది వాళ్ళే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. 2006 చట్టం తర్వాత తమిళం తప్పనిసరి అయ్యాక తెలుగు అక్షరాలు ఇంకా తగ్గాయి, మన పిల్లల సంగతీ అంతేననుకోండి, కానీ మన పిల్లలకి ఆదివారం క్లాసు ఉంది, శ్లోకాల ఆంటీ ఉంది. ఈ పేటవాళ్ళని మన ఉగాదికి పిలిచినట్టు నాకు గుర్తు లేదు. నేను కూడా పిలవలేదు, మా టీచరు గారు ఆ పక్క బడిలో చేస్తారు కాబట్టి తట్టింది, లేకపోతే నాకూ తట్టేది కాదు.

పందొమ్మిది మంది పిల్లలు, నలుగురు ఆడవాళ్ళు, రెండు బస్సులు మారి వచ్చారు. అందులో ఒక ముసలమ్మ, మనవరాలి చెయ్యి పట్టుకుని, చెప్పులు గుమ్మం బయట విప్పేసింది, వద్దమ్మా వేసుకో అన్నా వినలేదు, "దేవుళ్ళున్నారు గదా" అంది. లోపల గ్రానైటు నేల మీద ఆ అమ్మ ఉత్త కాళ్ళతో మాతో పాటు రెండు గంటలు నడిచింది.

పూర్ణఘటం చెక్కిన పలక దగ్గర మేం ఎప్పుడూ ఒక కథ చెప్తాం. నిండు కుండ, అందులోంచి తామరలు పొంగుతుంటాయి, మన కలశమే. అమరావతి శాసనాల్లో ఒకటుంది, ఇలాంటి పూర్ణఘటపు పలకని ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు విధికుడు అనే అతను తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలు, చుట్టాలతో కలిసి దానమిచ్చాడని. విధికుడి వృత్తి కూడా రాసుంది, చర్మకారుడు. చెప్పులు కుట్టే, తోలు పని చేసే మనిషి, దాదాపు రెండువేల ఏళ్ళ కిందట, రాతి మీద పేరు రాయించుకున్నాడు, తన పని దాచుకోకుండా. మామూలుగా ఇది చెప్పినప్పుడు మనవాళ్ళు తలూపి పక్క రాయికి పోతారు. ఆ రోజు ఎవరూ కదల్లేదు.

ముసలమ్మ నన్ను మళ్ళీ అడిగింది. "ఏం పని అన్నావమ్మా?"

"తోలు పనమ్మా."

"మావోళ్ళా?"

నాకు ఏం చెప్పాలో తెలీలేదు. చరిత్రకారులు ఒప్పుకుంటారో లేదో, అప్పటి కులాలూ ఇప్పటి కులాలూ ఒకటి కాదు, ఇవన్నీ బుర్రలో తిరిగాయి, నోట్లోంచి మాత్రం "అవునమ్మా, మీ పని చేసినాయనే" అని వచ్చింది. ఆవిడ మనవరాల్ని ముందుకి తోసి "సూడు, సదువుకో" అంది. ఆ పిల్లకి శాసనాల నాటి బ్రాహ్మీ లిపి ఎక్కడొస్తుంది, తెలుగే రాదు. అయినా చాలాసేపు చూసింది.

ఈ ఫోటోలు మన గ్రూపులో పెడితే మూడు దణ్ణాలు, ఒక చప్పట్ల బొమ్మ, ఇంకొకరు "వాళ్ళ తెలుగు వేరేలా ఉంటుంది కదండీ, సభకి సెట్ అవదు" అని. ఎవరిదో స్టేజీ తెలుగు మాత్రం సెట్ అవుతుంది.

ఉగాది స్టేజీ వెనక ఫ్లెక్సీ గుర్తుందా? 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టుకున్న చిహ్నం పెద్దగా వేయించారు, దాని మధ్యలో ఉన్న కుండ ఆ పూర్ణఘటమే, విధికుడిదే. కింద స్పాన్సర్ల పేర్లు ఆ కుండకంటే పెద్ద అక్షరాల్లో. అతిథి గారు దాని ముందు నించునే "మన సొత్తు" అన్నారు.

వెనక్కి తేవాలన్న మాట తప్పని నేననను. గుంటూరు పిల్ల అమరావతి రాయి చూడాలంటే చెన్నై రైలెక్కడం ఏం న్యాయం? అమరావతిలోనూ పురావస్తు మ్యూజియం ఉంది, ఇంకా నిండితే ఎవరికి చేదు. 1859లో 121 రాళ్ళు ఓడెక్కి లండన్ పోయాయి, వాటి సంగతి అడిగినా నేను సంతకం పెడతా. కానీ కొంచెం చేదు మాట కూడా మింగాలి. 1790ల చివర్లో మెకంజీ దొర వెళ్ళేటప్పటికే మనవాళ్ళు ఆ స్తూపం దిబ్బని తవ్వి ఇళ్ళకి రాళ్ళు వాడుకుంటున్నారు, పల్నాటి సున్నపురాయి కదా, కొన్నిటిని బట్టీలో కాల్చి సున్నం చేశారు. బుద్ధుడి పాదాలు ఎవరి గోడకి వెల్లగా పడ్డాయో. కట్టుకునేవాడికి రాయి రాయే, వాళ్ళని తిట్టబుద్ధి కాదు నాకు, మా అమ్మమ్మ ఉన్నా అదే చేసుండేది. 1845లో ఎలియట్ అనే ఇంకో దొర తవ్వించి మద్రాసు పంపకపోతే ఆ మిగిలినవీ ఉండేవో లేదో. వచ్చాక కూడా ఇక్కడ చాలాకాలం ఆరుబయట ఎండకీ వానకీ పడున్నాయి, కాబట్టి దొరలకి పూర్తి మార్కులు వెయ్యను. ఇంకోటి, అప్పుడు మద్రాసు మన రాజధాని కూడా. "మద్రాసు మనదే" అని అరిచాం, 1953 అక్టోబర్ 1న రాజధాని కర్నూలు పోయింది, మనం మాత్రం ఇక్కడే ఉండిపోయాం. ఆ రాళ్ళూ మనలాగే ఉండిపోయినవే అనిపిస్తుంది నాకు, అందుకే పంపించెయ్యమంటే గుండె కలుక్కుమంటుంది, అది న్యాయం కాదని తెలిసినా.

రాళ్ళు వెళ్తాయో ఉంటాయో ఢిల్లీలో, కోర్టుల్లో ఎక్కడో తేలుతుంది. కార్యవర్గానికి నేను అడిగేది అంతకంటే చాలా చిన్నది. వచ్చే ఏడాది శాలువాల్లో ఒక పది తగ్గించండి. ఆ డబ్బుతో మూడు నెలలకి ఒకసారి ఒక వ్యాను పెట్టండి, ఆ పేట పిల్లలు రెండు బస్సులు మారకుండా వస్తారు. ఉగాదికి వాళ్ళని పిలవండి, ప్రేక్షకుల్లో చివరి వరసకి కాదు, ఆ ముసలమ్మ చేత కలశం పెట్టించండి. నా ఐదు నిమిషాలు ఆవిడకిచ్చెయ్యండి, నాకు అక్కర్లేదు. తెలుగు సెట్ అవుతుందో లేదో అప్పుడు చూద్దాం.

ఆ పక్క సీటు పెద్దాయన ఈసారి వస్తానన్నారు. రెండో శనివారం, పది గంటలకి, పాంథియన్ రోడ్ గేటు దగ్గర. పులిహోర తెచ్చేవాళ్ళు తెండి, బయట చెట్టు కింద తిందాం. శుక్రవారం మాత్రం రాకండి.