చావును చూసి పాపాన్ని లెక్కగట్టే బోధ

చెన్నై తెలుగు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం ఆగకుండా తిరుగుతోంది. పొద్దున పెరంబూరులో ఎవరో పెడితే సాయంత్రానికి వ్యాసర్పాడి, అంబత్తూరు గ్రూపుల్లో ప్రత్యక్షమవుతుంది. సారాంశం ఇది: విశ్వాసి పాపం చేస్తూ పోతే దేవుడు ముందు హెచ్చరిస్తాడు, తర్వాత జబ్బు పంపుతాడు, అప్పటికీ మారకపోతే ప్రాణం తీసుకుంటాడు. రక్షణ పోదు, ఆయుష్షు పోతుంది. రుజువుగా నాలుగు వాక్యభాగాలు ఇచ్చారు: అననీయ సప్పీరాల చావు, కొరింథులో ప్రభువు బల్ల (యేసు మరణాన్ని తలుచుకుంటూ సంఘం రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం), మొదటి యోహాను పత్రికలోని మరణకరమైన పాపం, హెబ్రీ పత్రికలోని తండ్రి శిక్ష. ఆఖర్న, మీ సంఘంలో ఎవరైనా చిన్న వయసులో చనిపోతే ఎందుకో ఆలోచించుకోండి అని ఒక ముక్క తగిలించారు. నా గొడవంతా అసలు ఆ ముక్కతోనే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. దేవుడు ఎన్నడూ అలా చేయలేదని నేను అనడం లేదు. అలా అనాలంటే బైబిలులో కొన్ని పేజీలు చింపెయ్యాలి. బైబిలు ఒకటి రెండు చోట్ల చెప్పిన సంగతిని అందరికీ వర్తించే సూత్రంగా మార్చి, ఆ సూత్రం పట్టుకుని శవపేటిక దగ్గర నిలబడి చనిపోయినవాడి పాపం ఏమిటో వెతకడం మీదే నా అభ్యంతరం.

అననీయ సప్పీరాల సంగతి అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో ఉంది. పొలం అమ్మారు, కొంత దాచుకున్నారు, మొత్తం తెచ్చినట్టు నటించారు. అపొస్తలుడైన పేతురు నిలదీశాడు. భర్త పడి చనిపోయాడు, సుమారు మూడు గంటల తర్వాత భార్య కూడా. పాపం చేసిన విశ్వాసికి దేవుడు మామూలుగా ఇచ్చే శిక్ష ఇదేనని సందేశం చెబుతోంది. మామూలుదైతే అదే పుస్తకంలో మళ్లీ కనబడాలి కదా! మూడు అధ్యాయాలు ముందుకు వెళ్లండి. సమరయలో సీమోను అనే గారడీవాడు నమ్మాడు, బాప్తిస్మం కూడా పొందాడు. ఆ తర్వాత పరిశుద్ధాత్మ వరాన్ని డబ్బిచ్చి కొనబోయాడు. ఇక్కడా డబ్బు వ్యవహారమే, ఎదురుగా ఉన్నదీ ఆ పేతురే. సీమోను కుప్పకూలలేదు. పేతురు గట్టిగా గద్దించి, ఈ చెడుతనం మాని ప్రభువును వేడుకోమన్నాడు.

12వ అధ్యాయం ఇంకా ఇబ్బంది పెడుతుంది. హేరోదు యోహాను అన్న యాకోబును కత్తితో చంపించాడు. అదే అధ్యాయంలో దేవదూత వచ్చి పేతురును చెరసాల నుంచి బయటికి తెచ్చాడు. ప్రభువు ఎవరో ఎరగనని మూడుసార్లు బొంకినవాడు పేతురు. వాట్సాప్ లెక్క ప్రకారం ఇద్దరిలో ఎవరు పోవాలి, ఎవరు మిగలాలి? యాకోబు ఏ పాపం చేసి ఉంటాడో అని సంఘంలో ఒక్కరైనా గుసగుసలాడినట్టు ఆ పుస్తకం రాసిన లూకా రాయలేదు.

ఇంకో తేడా కూడా చూడాలి. అననీయ విషయంలో పాపం ముందు బయటపడింది, చావు తర్వాత వచ్చింది. ఆ పాపాన్ని బయటపెట్టింది అపొస్తలుడు. మన దగ్గర చావు ముందు వస్తుంది. దానికి సరిపడే పాపాన్ని తర్వాత ఆదరణ కూడికకు వచ్చినవాళ్లు టీ తాగుతూ వెతుకుతారు.

కొరింథు సంగతి వీటన్నిటికంటే బరువైనది, అక్కడ తొందరపడకూడదు. 1 కొరింథీ 11:30లో పౌలు దాపరికం లేకుండానే రాశాడు. ఇందువల్లనే మీలో చాలామంది బలహీనులుగా, రోగులుగా ఉన్నారు, కొందరు నిద్రించారు అని. కొందరు బోధకులు ఇక్కడ చిక్కు తప్పించుకోడానికి అది ఆత్మీయ నిద్ర అంటారు. నాకు ఆ వాదన నిలవదనిపిస్తుంది. జబ్బుల వరసలో చెప్పాడు కాబట్టి అది చావే. చనిపోయినవాళ్లు విశ్వాసులే. లోకంతో పాటు మనకు శిక్షావిధి రాకుండా ఉండటానికే ప్రభువు మనల్ని శిక్షిస్తున్నాడని 32వ వచనంలో తననూ కలుపుకుని రాశాడు. ఇంతవరకు ఆ సందేశం రాసినాయనతో నాకు పేచీ లేదు.

అయితే ఏ పాపానికి? సందేశంలో ఒక జాబితా ఉంది: సినిమాలు చూడటం, దశమభాగం ఎగ్గొట్టడం, నగలు పెట్టుకోవడం, సేవకుడికి ఎదురు మాట్లాడటం. కొరింథులో ఇవేవీ కావు. 21, 22 వచనాలు చదవండి. ఎవరి భోజనం వాళ్లు ముందే లాగించేస్తున్నారు. ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తుగా ఉన్నాడు. లేనివాళ్లను సిగ్గుపరుస్తున్నారు. అంటే ప్రభువు బల్ల దగ్గరే పేదవాడికి అవమానం జరుగుతోంది. పౌలు చెప్పిన మందు కూడా దానికి తగ్గట్టే ఉంది. భోజనానికి కూడి వచ్చినప్పుడు ఒకరి కోసం ఒకరు ఆగండి అన్నాడు. నగలు తీసెయ్యమని ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు.

ఈ వచనాలను చెన్నైలో కూర్చుని చదివితే వేరే చరిత్ర గుర్తుకు రావాలి. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్, సంఘంలో కుల భేదాన్ని పూర్తిగా విడిచిపెట్టాలని దక్షిణాది సంఘాలకు లేఖ రాయాల్సి వచ్చింది. అప్పట్లో ఇక్కడి మిషన్ సంఘాల్లో కులాన్ని బట్టి వేరు వేరు చోట్ల కూర్చునేవాళ్లు. ప్రభువు బల్ల దగ్గర కూడా ఎవరు ముందు, ఎవరు వెనక అనే పట్టింపు ఉండేది. ఆ లేఖ మీద చాలామంది తిరగబడ్డారు, సంఘాలు వదిలి వెళ్లిపోయారు కూడా. కొరింథీ 11ను మన మధ్య వర్తింపజేయాలంటే ఇంతకన్నా సూటిగా తగిలే చోటు ఇంకొకటి నాకు తోచదు. ఈ నగరంలో వీధులు ఊడ్చి, మురుగు తీసి బతికిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి, వాళ్ల బిడ్డలు మన ఆరాధనల్లో కూర్చుంటున్నారు. వాళ్లు వచ్చి కూర్చుంటే చాప మీద కొంచెం పక్కకు జరిగేవాళ్లూ ఉన్నారు. రొట్టె చేతిలో పట్టుకుని ఆ పని చేసేవాళ్ల గురించి వాట్సాప్ జాబితాలో ఒక్క మాట లేదు.

పౌలు ఎవరి పేరూ పెట్టలేదన్నది కూడా గమనించాలి. ఫలానా ఆమె జ్వరం ఇందుకే, ఫలానా ఆయన పోయింది అందుకే అని ఇంటింటి లెక్క చెప్పలేదు. కొరింథు సంఘం మొత్తాన్ని మందలించి, ప్రతి మనిషీ తనను తాను పరీక్షించుకోవాలన్నాడు. చనిపోయినవాడిని పరీక్షించే పని ఎవరికీ అప్పగించలేదు.

మూడోది, 1 యోహాను 5:16. దీని మీద ఎక్కువ సాగదీయక్కర్లేదు. మరణకరం కాని పాపం చేసిన సహోదరుడి కోసం ప్రార్థిస్తే దేవుడు అతనికి జీవం ఇస్తాడని ఆ వచనం అంటుంది. అతను అప్పటికే ఒంట్లో ప్రాణంతో తిరుగుతున్నాడు కదా, మళ్లీ ఇచ్చే జీవం ఏది? ఆ జీవం ఆత్మ సంబంధమైనదైతే, పక్కనే చెప్పిన మరణాన్ని మాత్రం గుండెపోటు అనుకోడానికి ఆధారం లేదు. ఈ పత్రికలోనే, ప్రేమ లేనివాడు మరణంలో నిలిచి ఉన్నాడని 3:14లో ఉంది. అలాంటివాడు నిక్షేపంలా భోంచేసి తిరుగుతూనే ఉండొచ్చు.

ఇక హెబ్రీ 12. ప్రభువు తాను ప్రేమించినవాడిని శిక్షిస్తాడు, నిజమే. కాని ఆ పత్రిక అందుకున్నవాళ్లకు అప్పటికి వచ్చిన కష్టాలేమిటో 10వ అధ్యాయం చెబుతుంది: నిందలు, బాధలు, ఆస్తి కోల్పోవడం. ఇవన్నీ విశ్వాసం కోసం పడ్డవి. వాళ్ల రహస్య పాపాలకు వచ్చిన జీతమని రచయిత అనలేదు. నడుమ 11వ అధ్యాయంలో విశ్వాసవీరుల వరస ఉంది. రాళ్లతో కొట్టబడ్డవాళ్లు, రంపాలతో కోయబడ్డవాళ్లు, కత్తికి బలైనవాళ్లు. ఆ చావుల్ని విశ్వాసానికి సాక్ష్యాలుగా చూపించిన మనిషి, ఒక్క పేజీ తిప్పగానే అకాల మరణం పాపానికి గుర్తు అని ఎలా చెబుతాడు? పైగా 12:11లో, శిక్ష అప్పటికి దుఃఖకరంగా ఉన్నా తర్వాత నీతి ఫలం ఇస్తుందంటాడు. ఆ ఫలం కాయడానికి బిడ్డ బతికి ఉండాలి. ఆ అధ్యాయంలోని తండ్రి పిల్లల్ని పెంచుతున్నాడు.

ఇప్పుడు సందేశం బయటికి అనకుండా మన చేత అనిపించే మాటకు వద్దాం. తొందరగా పోయినవాడు పాపి, చాలాకాలం బతికినవాడు మంచివాడు. యూదా రాజుల్లో మనష్షేను మించిన దుర్మార్గుడిని వెతకడం కష్టం. యెరూషలేమును నిరపరాధుల రక్తంతో నింపాడని 2 రాజులు 21 చెబుతుంది. ఏలింది 55 ఏళ్లు. చివర్లో తనను తాను తగ్గించుకున్నాడని దినవృత్తాంతములు చెబుతుంది, సంతోషమే. మరి అన్నేళ్ల పాటు దేవుడు అతని విషయంలో ఈ వాట్సాప్ సూత్రాన్ని ఎందుకు వాడలేదు? ఇటు ఉత్తర రాజ్యంలో యరొబాము కొడుకు అబీయా చిన్నతనంలోనే జబ్బు చేసి చనిపోయాడు. ఎందుకంటే ఆ ఇంటి మొత్తంలో యెహోవాకు నచ్చిన మంచి అతనిలోనే ఉంది కాబట్టి, అతనొక్కడికే సమాధి దక్కుతుందని 1 రాజులు 14:13 చెబుతుంది. అక్కడ తొందరగా పోవడమే దయ అయింది. నీతిమంతుడు పోతే ఎవరూ పట్టించుకోరు, రాబోయే కీడు చూడకుండా అతన్ని తీసుకుపోతున్నారని ఎవరికీ తోచదు అని యెషయా 57:1 వాపోయింది.

అంత దూరం ఎందుకు, మన భాష సంగతే చూడండి. లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి తోడుగా సువార్తల్ని తెలుగు చేసే పని పట్టారు. క్రాన్ 1809లో చనిపోయాడు, మరుసటి ఏడే డి గ్రాంజెస్ పోయాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఆ అచ్చు పుస్తకాన్ని వాళ్లిద్దరూ కళ్లజూడలేదు. తెలుగులో వాక్యం చదివి, అదే తెలుగులో ఈ సందేశాన్ని ఫార్వర్డ్ చేస్తున్న అన్నలు, అక్కలు ఆ ఇద్దరిలో ఏ పాపం వెతుకుతారో! మన ఊళ్లోనే పరంగిమలై ఉంది. అపొస్తలుడైన తోమాను అక్కడే ఈటెతో పొడిచి చంపారని తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్లు యెరూషలేములో అందరికంటే పెద్ద అపరాధులా అని యేసు అడిగి, కాదని తనే జవాబిచ్చాడు. ఆ వెంటనే బతికున్న శ్రోతల వైపు తిరిగి మారుమనస్సు పొందమన్నాడు. పుట్టుగుడ్డివాడి సంగతి, యోబు స్నేహితులు దేవుడి చేత చివాట్లు తినడం సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు కాబట్టి వదిలేస్తున్నాను.

జబ్బుల విషయంలో ఈ బోధ చేసే హాని కళ్లారా చూడాలంటే అడయార్ క్యాన్సర్ ఆస్పత్రిలో కీమో ఎక్కించుకుంటున్నవాళ్లను అడగండి. దాచిపెట్టిన పాపం ఏదైనా ఉంటే ఒప్పేసుకో అమ్మా అని ఫోన్లు వస్తుంటాయి. అసలే టెన్షన్, దాని మీద ఇదొకటి. యాకోబు పత్రిక 5వ అధ్యాయం రోగిని సంఘపెద్దల్ని పిలిపించుకోమంటుంది. వాళ్లు నూనె రాసి ప్రార్థన చేయాలి. అతను పాపం చేసి ఉంటే క్షమాపణ కూడా దొరుకుతుందని కలిపింది. అంటే ఏ పాపం చేయకుండానూ మంచాన పడొచ్చని ఒప్పుకున్నట్టే. పౌలు తన జతపనివాడు త్రోఫిమును మిలేతులో జబ్బుగా ఉన్నప్పుడు విడిచి వచ్చాడు. తిమోతికి కడుపు జబ్బు. ఎపఫ్రొదితు క్రీస్తు పనిలోనే చావు దాకా వెళ్లాడు. వీళ్లలో ఒక్కరినీ పౌలు పాపం ఒప్పుకోమని అడగలేదు.

ఇలా చెబితే జనానికి పాపమంటే భయం పోతుంది కదా అయ్యగారూ అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. భయం కావాలంటే 1 కొరింథీ 5 ఉంది. తండ్రి భార్యను ఉంచుకున్నవాడిని మీ మధ్య నుంచి వెలివేయండి అన్నాడు పౌలు, అతని ఆత్మ రక్షణ పొందాలన్నదే అక్కడ ఉద్దేశం. రెండో పత్రికలో శిక్ష పొందిన ఒకడిని ఇక క్షమించి ఓదార్చండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడంటాడు. ఈ ఇద్దరూ ఒక్కడేనని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం. ఈ పని చేయాల్సింది సంఘం, అదీ మనిషి బతికుండగా. మనం చేస్తున్నదేమిటి? చిట్టీల డబ్బు ఎగ్గొట్టినవాడు, కట్నం కోసం కోడల్ని పుట్టింటికి తరిమినవాడు పెద్ద కానుక వేస్తే ముందు వరసలో కుర్చీ వేస్తాం, మైకు కూడా ఇస్తాం. బైకు మీద వెళ్తూ లారీ కింద పడిన పాతికేళ్ల కుర్రాడి సమాధి దగ్గర మాత్రం దేవుడి శిక్ష గురించి గొంతు చించుకుంటాం, వాళ్లమ్మ వింటుండగా.