బాధ్యత నేర్పే పందికొక్కు

మా నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో పిల్లలకు బాధ్యత నేర్పడానికి ఒక జంతువు దిగింది. పేరు గినీ పిగ్. అది గినీ దేశానిదీ కాదు, పందీ కాదు. పెరూ కొండల వైపు ఎలుక జాతి. అక్కడివాళ్లు దాన్ని వేల ఏళ్లుగా కూరొండుకు తింటున్నారు. మా పక్కింటాయన దానికి ఏసీ వేశాడు. ఎవరిష్టం వారిది.

పక్కింటి తాత పొదలకూరు దగ్గర వరి పండించిన మనిషి. గట్లు తొలిచే పందికొక్కులకు బోన్లు పెట్టడంలోనే సగం జీవితం గడిచిపోయింది. మనవడి పుట్టినరోజున అట్టపెట్టె తెరిచి చూసి, "దీనికి డబ్బులిచ్చార్రా? ఒక్క మాట చెప్పుంటే బస్తాడు పంపించేవాణ్ణి గదరా!" అన్నాడు.

ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, తిండి వస్తోందని అది ఈల వేస్తుంది. నాయనమ్మ ఆ ఈలలు కుక్కర్‌వనుకుని మూడు లెక్కపెట్టి స్టౌ కట్టేసేది. పప్పు పలుకు. కోడలు గ్యాస్కెట్ మార్చింది. మళ్లీ పలుకే. కుక్కరే మార్చింది. ఒకరోజు స్టౌ మీద ఏమీ లేకుండానే నాలుగు విజిల్స్ వచ్చాయి. నాయనమ్మ వెళ్లి దేవుడి దగ్గర దీపం పెట్టింది.

బాబు బాధ్యత మూడు రోజుల్లో పూర్తయింది. నాలుగో రోజు నుంచి పెంటికలు ఎత్తేది నాయనమ్మే, డెబ్బై ఏళ్ల వయసులో బాధ్యత నేర్చుకుంటూ.

అమ్మినవాడు కుందేలు మేత పొట్లం కట్టి, "ఏదైనా తింటుంది సార్" అన్నాడు. ఏదైనా తినదు. జీవితాంతం పెరిగే పళ్లు అరగడానికి ఎప్పుడూ ఎండుగడ్డి ఉండాలి. మనకు లాగే దాని ఒంట్లోనూ సి విటమిన్ తయారు కాదు. రోజూ క్యాప్సికం ముక్కో, కాస్త కొత్తిమీరో పడాలి. లేకపోతే స్కర్వీ జబ్బు. పొదలకూరు నిమ్మకాయల లారీలు తిరిగే ఊళ్లో సి విటమిన్ లేక చిగుళ్లు కారాలా? ఒంటరిగా ఉండలేదు కూడా. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి ఒక్కదాన్నే పెంచడం చట్టం ఒప్పదు. ఆ మాట చెబితే పక్కింటాయన, "మనకెందుకు సార్ ఆ దేశం గొడవ" అన్నాడు.

కరెంటు బిల్లు వచ్చాక దానికి బాల్కనీలోకి బదిలీ అయింది. రోహిణి కార్తెలో తాత, నాయనమ్మ ఊరికి పోయారు, మిగతావాళ్లు ఊటీకి. నాలుగు రోజులు. గిన్నెడు నీళ్లు పెట్టి పోయారు. దానికి చెమట పట్టదు. 30 డిగ్రీలు దాటితే చాలు, వడదెబ్బ తగిలే ప్రాణి. బయట 42. ఇనుప బోను. వాళ్లు ఊటీ నుంచి స్వెటర్ల ఫోటోలు పంపారు. నాకు తెలిసుంటే గోడ దూకి తెచ్చుకునేవాణ్ణి. ఎదురింటి గంట కొట్టి "కాస్త చూడండి" అనడానికి నోరు రాలేదా? ఏం మనుషులయ్యా మీరు! మీకు లేని బాధ్యతను అరకిలో ప్రాణం వచ్చి మీ పిల్లాడికి నేర్పాలా?

ఊరి నుంచి వచ్చిన తాతే వేపచెట్టు కింద గుంట తీశాడు. ఎవరితోనూ మాట్లాడలేదు.

మొన్న ఆదివారం పక్కింటాయన గేటు దగ్గర ఆపి అడిగాడు: "తాబేలైతే ఎండకు తట్టుకుంటుందంట గదా సార్? వాస్తుకు కూడా మంచిదంట."