పెద్దకర్మ లోపు

మన ఇళ్లలో చావుకు ఒక లెక్క ఉంటుంది. మూడో రోజు చిన్నకర్మ, పదకొండో రోజు పెద్దకర్మ. ఆ లోపే వచ్చేవాళ్లు వస్తారు, ఏడ్చేవాళ్లు ఏడుస్తారు, మాట ఇచ్చేవాళ్లు మాట ఇస్తారు. పెద్దకర్మ భోజనాలయ్యాక ఎవరి పనుల్లో వాళ్లు పడిపోతారు. సామూహిక కాల్పులు జరిగినప్పుడు దేశాలు ఎలా స్పందించాయో చూడటానికి కూడా ఈ లెక్క బాగానే పనికొస్తుంది.

1996 ఏప్రిల్ 28న ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒకడు 35 మందిని కాల్చి చంపాడు. మే 10కల్లా, అంటే పన్నెండో రోజుకు, ప్రధాని జాన్ హోవార్డ్ రాష్ట్రాలన్నింటినీ కూర్చోబెట్టి తుపాకుల ఒప్పందానికి ఒప్పించారు. ఆయన వామపక్షి ఏమీ కాదు, పల్లె ఓటర్ల మీద ఆధారపడిన సంప్రదాయవాది. తన ఓటర్లే తిరగబడుతుంటే వాళ్ల ముందు నిలబడి మాట్లాడారు. ఓ సభకు చొక్కా లోపల బులెట్ ప్రూఫ్ జాకెట్ వేసుకుని మరీ వెళ్లారు. ప్రభుత్వం డబ్బిచ్చి వెనక్కి తీసుకున్న తుపాకులు దాదాపు ఆరున్నర లక్షలు. న్యూజిలాండ్‌లో 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మంది చనిపోయారు. వాళ్లలో హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. ఆరో రోజున ప్రధాని జసిండా ఆర్డెర్న్ మిలటరీ తరహా సెమీ ఆటోమేటిక్ తుపాకుల నిషేధాన్ని ప్రకటించారు. నెల తిరక్కముందే పార్లమెంటులో 119 మంది సరేనన్నారు. కాదన్నది ఒక్కరే.

ఇప్పుడు టెక్సాస్ సంగతి చూద్దాం. 2023 మే 6, శనివారం. డాలస్ పక్కనే ఉన్న అలెన్‌లో జనం షాపింగ్ చేసుకుంటున్న ఔట్‌లెట్ మాల్‌లో ఒకడు ఎనిమిది మందిని చంపాడు. తెలంగాణ నుంచి వెళ్లి అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న ఇంజినీరు అమ్మాయి వాళ్లలో ఒకరు. ఆ వార్త విని ఇక్కడ మనం తల్లడిల్లాం. అదే సమయంలో టెక్సాస్ రాజధాని ఆస్టిన్‌లో జరిగింది మాత్రం మనలో చాలామందికి తెలియదు. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనే వయసును 18 నుంచి 21కి పెంచే బిల్లు ఒకటి అప్పటికే శాసనసభ కమిటీలో మూలుగుతోంది. దాని కోసం తిరిగి తిరిగి అలిసిపోయింది ఆ రాష్ట్రంలోనే యువాల్డి అనే ఊళ్లో పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు. 2022 మే 24న అక్కడి ప్రాథమిక పాఠశాలలో 19 మంది పిల్లలను, ఇద్దరు టీచర్లను చంపినవాడు 18 నిండిన వారంలోపే చట్టప్రకారం రైఫిల్ కొన్నాడు. అలెన్ ఘటన జరిగిన రెండో రోజుకు, మే 8న, ఇద్దరు రిపబ్లికన్లు కూడా చేయి కలపడంతో బిల్లు 8-5 ఓట్లతో కమిటీ గడప దాటింది. ఆ తల్లులు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేశారు. మర్నాడే సభ అజెండాలో చేర్చాల్సిన గడువు. చేర్చలేదు. చిన్నకర్మ నాటికే బిల్లు చచ్చిపోయింది.

అమెరికన్లకు మనసు లేదనీ, వాళ్లకు తుపాకుల పిచ్చి అనీ ఇక్కడ తేల్చిపారేయడం మనకు అలవాటు. అది నిజం కాదు. తుపాకీ కొనే ప్రతివాడి పూర్వాపరాలు తనిఖీ చేయాలా అని అడిగితే ఆ దేశంలో పదిమందిలో తొమ్మిదిమంది దాకా చేయాలనే అంటారు. తుపాకులున్న ఇళ్లవాళ్లు కూడా. 2012 డిసెంబరు 14న కనెక్టికట్‌లోని శాండీ హుక్ పాఠశాలలో ఆరేళ్లు, ఏడేళ్ల పిల్లలు 20 మంది, పెద్దలు ఆరుగురు బలయ్యారు. నాలుగు నెలలకు అలాంటి తనిఖీల బిల్లు అమెరికా ఎగువసభ అయిన సెనేట్‌కు వచ్చింది. అనుకూలంగా 54, వ్యతిరేకంగా 46. మన లెక్కలో గెలిచినట్టే. సెనేట్ లెక్కలో మాత్రం 60 రావాలి. పైగా ఆరు లక్షల జనం కూడా లేని వయోమింగ్‌కూ, దాదాపు నాలుగు కోట్ల జనం ఉన్న కాలిఫోర్నియాకూ అక్కడ చెరి రెండు సీట్లే. బిల్లు పడిపోగానే ప్రేక్షకుల గ్యాలరీ నుంచి ఒక పెద్దావిడ ‘సిగ్గుపడండి’ అని అరిచారు. 2011లో అరిజోనాలోని టూసాన్‌లో కాల్పులు జరుపుతున్నవాడి చేతికి రెండో మ్యాగజైన్ అందకుండా లాక్కున్నది ఆవిడే. ఆమెను బయటికి పంపించారు.

సమస్య జనాభిప్రాయంలో లేదు, దాని ఆయుష్షులో ఉంది. కట్టడి కావాలనేవాళ్లకు అది పది విషయాల్లో ఒకటి. ధరలు, వైద్యం ఖర్చులు, వలసలు అన్నీ చూసుకుని ఓటేస్తారు. తుపాకీ జోలికి రావద్దనేవాళ్లలో చాలామందికి అదొక్కటే విషయం. నాయకుడికి ఈ తేడా బాగా తెలుసు. అందుకే ‘మా ప్రార్థనలు మీతోనే ఉన్నాయి’ అని ఒక సందేశం పెట్టి పెద్దకర్మ దాటేదాకా ఓపిక పడతాడు. 2025 ఆగస్టులో మినియాపొలిస్‌లో ఒక క్యాథలిక్ చర్చి మీద కాల్పులు జరిగి ఇద్దరు చిన్నారులు చనిపోయినప్పుడు ఆ నగర మేయర్ జేకబ్ ఫ్రే ఈ ప్రార్థనల మాట ఎత్తవద్దన్నారు. ఆ పిల్లలు చనిపోయేటప్పుడు చేస్తున్నది ప్రార్థనే కదా అన్నారు. దానిమీదా రెండు రోజులు వాదించుకున్నారు.

జనం స్పందన అంటే కొవ్వొత్తులు, పూలగుత్తులు మాత్రమే అనుకుంటే పొరపాటు. శాండీ హుక్ జరిగిన నెలలోనే తుపాకుల కొనుగోళ్ల కోసం ఎఫ్‌బీఐకి వచ్చిన తనిఖీ అభ్యర్థనలు 27 లక్షలు దాటాయి. అప్పటికి అదే రికార్డు. రేపు చట్టం వస్తుందేమో, ఇవాళే కొనిపెట్టుకుందాం అని క్యూ కట్టారు. సంతాపం ఒక వీధిలో, అమ్మకాలు పక్క వీధిలో. ఇంకో రకం స్పందన దీనికన్నా వికారమైనది. అసలు పిల్లలు చనిపోనే లేదు, అదంతా నాటకం అని అలెక్స్ జోన్స్ అనే ప్రసారకర్త ఏళ్ల తరబడి చెప్పాడు, నమ్మినవాళ్లు నమ్మారు. బిడ్డలను పూడ్చుకున్న తల్లిదండ్రుల ఇళ్లకు బెదిరింపులు వెళ్లాయి. కోర్టులు అతనికి వంద కోట్ల డాలర్లకు మించి పరిహారం వేశాయి. ఆ కుటుంబాలు ఆ తీర్పుల కోసం దాదాపు పదేళ్లు ఆగాల్సి వచ్చింది.

తుపాకీ పక్షాన మాట్లాడే వాళ్లందరినీ ఈ గాటన కట్టలేం. పోలీసు రావాలంటే గంట పట్టే పల్లెలో ఒంటరిగా ఉండే మనిషికి తుపాకీ మీద ఉన్న నమ్మకాన్ని హైదరాబాద్ అపార్ట్‌మెంటులో కూర్చుని ఎగతాళి చేయడం తేలిక. యువాల్డిలో 376 మంది పోలీసులు, భద్రతా సిబ్బంది పోగయ్యారు. తరగతి గదిలోకి వెళ్లడానికి 77 నిమిషాలు పట్టింది. అది చూసిన తండ్రి ‘నన్ను నేనే కాపాడుకోవాలి’ అంటే ఏమని జవాబు చెబుతాం? అయితే తుపాకీ ఉన్న మంచివాడే తుపాకీ ఉన్న చెడ్డవాడిని ఆపగలడని శాండీ హుక్ తర్వాత తుపాకీదారుల సంఘం నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఇచ్చిన నినాదానికి కూడా యువాల్డియే జవాబు. అక్కడ తుపాకులున్న మంచివాళ్లు వందల్లో ఉన్నారు. అవతల ఉన్నది ఒక్కడే. వాడి చేతిలోని రైఫిలే వాళ్లను వరండాలో నిలబెట్టింది.

పనిముట్టు ముఖ్యం కాదు, మనిషి మనసే ముఖ్యం అనేవాళ్లు శాండీ హుక్ రోజునే చైనాలో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. హెనాన్ రాష్ట్రంలో చెన్‌పెంగ్ అనే ఊరి బడిలో ఒకడు కత్తితో 23 మంది పిల్లల మీద పడ్డాడు. ఒక్కరూ చనిపోలేదు. ఉన్మాదం రెండు చోట్లా ఉంది. ఒక చోట దాని చేతిలో కత్తి ఉంది. మన రాయలసీమ ఫ్యాక్షన్ రోజుల్లో వేటకొడవళ్లకూ నాటుబాంబులకూ బలైనవాళ్లు తక్కువేం కాదు. అయినా ఒక్క మనిషి, కొన్ని నిమిషాల్లో, ఇరవై మందిని చంపడం ఆ పగలకు కూడా సాధ్యపడలేదు.

2025 డిసెంబరులో ఒకే వారాంతంలో ఈ రెండు దారులూ పక్కపక్కన కనిపించాయి. 13న అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీలో ఇద్దరు విద్యార్థులు చనిపోయారు, తొమ్మిది మంది గాయపడ్డారు. ఆ క్యాంపస్‌లో చదువుకుంటున్న ఇద్దరు అమ్మాయిలకు బడి రోజుల్లోనే కాల్పుల అనుభవం ఉంది. ఇరవైల్లోకి అడుగుపెడుతూనే రెండోసారి. మర్నాడు సిడ్నీలోని బోండై బీచ్‌లో యూదుల పండుగ వేడుక మీద తండ్రీకొడుకులు కాల్పులు జరిపి 15 మందిని చంపారు. తండ్రి ఎప్పుడో 1998లో హైదరాబాద్ నుంచి వెళ్లినవాడని తెలంగాణ పోలీసులు చెప్పారు. మన దగ్గర చర్చంతా ఆ ఒక్క వాక్యం చుట్టూనే తిరిగింది. అతని పేరు మీద లైసెన్సు, ఆరు తుపాకులు ఉన్నాయన్నది వెనక్కి పోయింది. సిరియా నుంచి వచ్చి పండ్ల దుకాణం నడుపుకుంటున్న ఒక ముస్లిం, వట్టి చేతులతో ఉరికి ఒకడి తుపాకీ లాక్కున్నాడన్నది కూడా కాసేపే కనిపించింది.

ఆస్ట్రేలియా తన పాత పాఠాన్ని మళ్లీ తెరవాల్సి వచ్చింది. 1996 తర్వాత తగ్గిన తుపాకులు మెల్లగా పెరిగి 40 లక్షలు దాటాయి, అప్పటికన్నా ఎక్కువ. కాల్పులు జరిగిన మర్నాడే ప్రధాని ఆంథనీ ఆల్బనీస్, రాష్ట్రాల నేతలు కలిసి కూర్చున్నారు. పదో రోజుకు న్యూ సౌత్ వేల్స్ చట్టసభ ఒక మనిషికి ఇన్నే తుపాకులని హద్దు పెట్టింది. విచిత్రమేమిటంటే, ఈసారి అడ్డు చెప్పిన గొంతుల్లో హోవార్డ్‌ది ఒకటి. తుపాకుల చర్చ ముసుగులో యూదు ద్వేషం సంగతి దాటవేయవద్దన్నారాయన. ఆ హెచ్చరికలో న్యాయం ఉంది. ద్వేషాన్ని పట్టించుకోకుండా తుపాకులు లెక్కపెడితే పని సగమే అవుతుంది. కానీ ద్వేషాన్ని కరిగించడానికి తరాలు పడుతుంది, ఆరు తుపాకుల లైసెన్సును సరిచూడటానికి ఒక గుమాస్తా చాలు. ముందు చేతిలో పని చేసుకోవాలని ఈ పత్రిక అభిప్రాయం.

అమెరికాలోనూ పెద్దకర్మ దాటినా మరవని చోట్లు ఉన్నాయి. మెయిన్ రాష్ట్రంలోని లూయిస్టన్‌లో 2023 అక్టోబరు 25న 18 మంది చనిపోయారు. చంపినవాడి పరిస్థితి బాగాలేదని, దగ్గర తుపాకులున్నాయని ఇంట్లోవాళ్లూ, సైన్యంలో తోటివాళ్లూ ముందే చెప్పారు. ఎవరూ వాటిని తీసిపెట్టలేదు. అప్పటిదాకా కట్టడిని వ్యతిరేకించిన అక్కడి కాంగ్రెస్ సభ్యుడు జేర్డ్ గోల్డెన్ మర్నాడే తన తప్పు ఒప్పుకుని క్షమాపణ అడిగారు. రాజకీయాల్లో అరుదైన మాట అది. ఇంట్లోవాళ్లే నేరుగా జడ్జి దగ్గరికి వెళ్లి ప్రమాదకరంగా ఉన్న మనిషి తుపాకులు కొన్నాళ్లు తీసిపెట్టించమని అడగగలిగే ‘రెడ్ ఫ్లాగ్’ చట్టం కోసం జనం సంతకాలు సేకరించారు. గవర్నర్ వద్దన్నా, 2025 నవంబరులో ఓటు వేసి తెచ్చుకున్నారు. వేటకు పేరుపడ్డ రాష్ట్రమది. రెండేళ్లు పట్టింది.

టెక్సాస్ అదే ఏడాది అలాంటి ఉత్తర్వులు తమ రాష్ట్రంలో చెల్లవంటూ ఎదురు చట్టం చేసింది.

మన సంగతికి వద్దాం. అమెరికాలో కాల్పులు అనగానే తెలుగు ఇళ్లలో మొదటి ప్రశ్న ‘మనవాళ్లెవరైనా ఉన్నారా?’ లేరని తెలిస్తే టెన్షన్ తగ్గి టీవీ చానల్ మారుతుంది. ఉన్నారని తెలిస్తే అక్కడి తెలుగు సంఘాలు తానా, ఆటా వాళ్లు విరాళాలు పోగుచేసి, కాగితాలు పూర్తిచేసి, శంషాబాద్‌కు పెట్టె పంపిస్తారు. ఆ సేవకు చేతులెత్తి దండం పెట్టాలి. కానీ మన పిల్లలను ఎక్కువగా బలి తీసుకుంటున్నది వార్తల్లోకెక్కే సామూహిక కాల్పులు కాదు. గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టు చేస్తున్న విద్యార్థి మీద గల్లాపెట్టె కోసం పేలే పిస్తోలు. 2023లో ఆ దేశంలో తూటాలకు పోయిన ప్రాణాలు 46 వేలకు పైనే. వాటిలో సగానికి మించి ఆత్మహత్యలు. రైఫిళ్ల మీద వాదన ఎంత సాగినా ఈ లెక్క దాకా రావడం లేదు.

డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఒకటో తరగతి చదివే మనవరాలు వాట్సాప్ కాల్‌లో అమ్మమ్మకు బడిలో ఆడిన ‘సైలెంట్ గేమ్’ గురించి చెబుతుంది. లైట్లు తీసేసి, తలుపుకు గడియ పెట్టి, బల్ల కింద ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. అమ్మమ్మ నవ్వుతుంది. పక్కన కూతురు నవ్వదు. ఆ కూతురికి వీసా మాత్రమే ఉంటే ఓటు లేదు. కానీ పౌరసత్వం వచ్చి ఇరవై ఏళ్లయిన తెలుగువాళ్లు ఆ ఊళ్లలో ఇప్పుడు వేల మంది. ఎన్నికలప్పుడు అభ్యర్థులను ఫంక్షన్‌హాలుకు పిలిచి శాలువాలు కప్పుతారు, ఫొటోలు దిగుతారు. హెచ్1బీ గురించి అడుగుతారు, పన్నుల గురించి అడుగుతారు. కొనే వయసు 21కి పెంచే బిల్లు మళ్లీ వస్తే మీ ఓటు ఎటు అని కూడా అక్కడే, శాలువా కప్పేముందే అడగవచ్చు. టెక్సాస్ శాసనసభ మామూలుగా రెండేళ్లకోసారే కూర్చుంటుంది. తర్వాతి సమావేశాలు 2027 జనవరిలో.