వాలంటీర్ అంటే జీతం లేనోడు, అంతేగానీ ట్రైనింగ్ లేనోడు కాదు

ఈ మధ్య మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. అమెరికాలో చిన్న టౌన్లలో ఇల్లు కొనేముందు ఆలోచించండి, అక్కడ ఇల్లు అంటుకుంటే వచ్చేది పనీపాటా లేని వాలంటీర్లు, వాళ్ళకి ట్రైనింగ్ ఉండదు, లేటుగా వస్తారు, మనం కట్టే టాక్సులు ఎటు పోతున్నాయో తెలీదు, పైగా మనవాళ్ళని అందులోకి రానివ్వరు అని. నేను న్యూజెర్సీ రాష్ట్రం మధ్యభాగంలో ఒక టౌన్‌లో ఆరేళ్ళుగా వాలంటీర్ ఫైర్‌ఫైటర్‌ని, పగలు ఐటీ ఉద్యోగం. ఇది చదివి ఊరుకోలేకపోయా.

పనీపాటా లేనోళ్ళా? ఈ దేశంలో ఫైర్‌ఫైటర్లు సుమారు 10 లక్షల మంది ఉంటే అందులో మూడింట రెండొంతుల మంది దాకా వాలంటీర్లే. మా స్టేషన్‌లో ప్లంబర్ ఉన్నాడు, స్కూల్ టీచర్ ఉంది, అందరికీ పొద్దున్నే లేచి పనికెళ్ళాలి. 2013 ఏప్రిల్ 17న టెక్సాస్‌లో వెస్ట్ అనే చిన్న ఊళ్ళో ఎరువుల కంపెనీలో మంటలు లేస్తే ఆర్పడానికి పరిగెత్తింది ఇలాంటి వాళ్ళే, అక్కడున్న అమ్మోనియం నైట్రేట్ పేలి 15 మంది పోయారు, వాళ్ళలో 12 మంది సాయానికి వెళ్ళినవాళ్ళే, ఎక్కువమంది వాలంటీర్లు. వాళ్ళ గురించి ఇలా రాయడానికి చెయ్యెలా వచ్చిందో నాకర్థం కాదు.

ట్రైనింగ్ మాట. న్యూజెర్సీలో ఫైర్‌ఫైటర్ 1 అనే బేసిక్ ట్రైనింగ్ సర్టిఫికెట్ లేకుండా కాలుతున్న ఇంట్లో అడుగు పెట్టనివ్వరు, జీతం ఉన్నా లేకపోయినా అది కావాల్సిందే. నాకైతే ఆఫీసయ్యాక వారానికి రెండు సాయంత్రాలు, ఆదివారాలు, చలికాలం మొత్తం దానికే పోయింది. పాతిక కిలోల గేరు, వీపున గాలి సిలిండరు, మాస్కు అద్దానికి నల్లగుడ్డ కట్టేసి పాకుతూ వెళ్ళమంటారు, ఒక చెయ్యి గోడ వదలకూడదు, వదిలితే తిరిగి వచ్చే దారి పోయినట్టే. కదలకుండా 30 సెకన్లు ఉంటే ఒంటిమీదున్న అలారం కేకలు పెడుతుంది. మాస్కు గట్టిగా అతుక్కోవాలి కాబట్టి తిరుపతి మొక్కు గడ్డం ఉంటే అది తీసేదాకా లోపలికి పంపరు. ఇదంతా పాసైనా డ్రిల్స్ ఆగవు, ప్రతి సోమవారం రాత్రి ఉంటాయి.

లేటు అన్న దాంట్లో మాత్రం కొంత నిజం ఉంది, ఒప్పుకుంటా. కాల్ వచ్చిందని చెప్పే పేజర్ మోగాక ఇంటినుంచి స్టేషన్‌కి వెళ్ళి బండి తీయాలి, ఎప్పుడూ మనుషులుండే స్టేషన్ కంటే కొన్ని నిమిషాలు ఎక్కువే పడుతుంది, వీక్‌డే మధ్యాహ్నం ఇంకా కష్టం. అందుకే పక్క టౌన్లని కూడా ఒకేసారి పిలుస్తారు. అసలు కారణం మనుషులు తగ్గిపోవడం, 1984లో దాదాపు 9 లక్షల మంది వాలంటీర్లు ఉండేవాళ్ళు, 2020 నాటికి 7 లక్షల లోపుకి పడిపోయారు. ఇలాంటి ఫార్వర్డులు చదివి ఇంకో నలుగురు రాకుండా ఆగిపోతే లేటు పెరుగుతుందే గానీ తగ్గదు.

టాక్సులు బండికి, గొట్టాలకి, గేరుకి పోతాయి. జీతాలే ఉండవు. అందరినీ జీతం మీద పెడితే మీ టాక్స్ బిల్లు పెరుగుతుంది, అంతే లెక్క.

మనవాళ్ళని రానివ్వరన్నది శుద్ధ అబద్ధం. వీసా మీదున్నవాళ్ళు ఒకసారి లాయర్ని అడగండి, ఎందుకంటే కొన్నిచోట్ల కాల్‌కి ఇంత అని డబ్బిస్తారు, అది ఉద్యోగం కిందకి రావచ్చు. మిగతా వాళ్ళకి అడ్డేంటి? రెండేళ్ళ కింద జనవరిలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు అలారం మోగిందని కాల్ వచ్చింది, వెళ్తే ఇంట్లో ఇండియా నుంచి వచ్చిన పెద్దాయన, పెద్దావిడ ఇద్దరే, పిల్లలు ఆఫీసుల్లో, మావాళ్ళు బయటికి రమ్మని ఇంగ్లీషులో ఎంత చెప్పినా ఆయన పొగ లేదు కదా ఎందుకు అన్నట్టు చేతులు ఊపుతున్నాడు. నేను మాస్కు పెట్టుకునే "ఈ గాలికి వాసన ఉండదండీ, కోటు వేసుకుని ముందు బయటికి రండి" అని అరిచా. ఇద్దరూ గబగబా వచ్చేశారు. బేస్‌మెంట్‌లో ఇల్లు వేడిచేసే ఫర్నేస్ పాడైంది, ఆపేసి కిటికీలన్నీ తీశాం. మంచులో చెప్పులతో నిలబడి ఆయన నన్ను అడిగిన మొదటి మాట, "ఏ ఊరు బాబూ మీది?"