మూడు కోరికలు చాలవా?

వాదానికి విషయం ‘షిమ్మర్ అండ్ షైన్’ కార్టూన్. ఫర్నాజ్ ఎస్నాషరి-చర్మాట్జ్ సృష్టించిన ఈ సిరీస్ 2015 ఆగస్టులో నికెలోడియన్ అనే పిల్లల టీవీ చానల్‌లో మొదలైంది. లియా అనే పాపకు కవల జీనీలు రోజుకు మూడు కోరికలు తీరుస్తారు. ఇంకా విద్య నేర్చుకుంటున్న జీనీలు కాబట్టి ప్రతి కోరికా ఎక్కడో ఒకచోట బెడిసికొడుతుంది. మొదటి సీజన్ 2డీలో, లియా ఉండే మనుషుల లోకంలో నడిచింది. 2016లో వచ్చిన రెండో సీజన్ నుంచి 3డీకి మారి, కథ జీనీల ఊరు జహ్రమే ఫాల్స్‌కి వెళ్లింది. జీటా అనే మాంత్రికురాలూ వచ్చింది. ఏ పద్ధతి మేలు? కథకురాలు మొదటి సీజన్ వైపు, దర్శకుడు రెండో సీజన్ వైపు.

కథకురాలు: నేను లెక్కతోనే మొదలుపెడతానండి. కథకు పదకొండు నిమిషాలు, అంటే 660 సెకన్లు అనుకుందాం. పిల్లకు వచ్చిన ఇబ్బంది మొదటి నిమిషంలో తెలియాలి. ఒకటిన్నర నిమిషానికి మొదటి కోరిక, నాలుగో నిమిషంలో రెండోది, ఆరున్నరకు మూడోది. ఆ తర్వాత నాలుగున్నర నిమిషాలు మిగులుతాయి. ఇక మాయ లేదు. చుట్టూ మూడు పొరపాట్ల సామాను పడి ఉంది, ముగ్గురు స్నేహితులున్నారు. ఆ సామానుతోనే పని చక్కబెట్టుకోవాలి. స్నేహం కనిపించేది అక్కడే. కోరికలకు లెక్క లేకపోతే ఆ నాలుగున్నర నిమిషాలు పుట్టవు.

దర్శకుడు: పుట్టినా ప్రతిసారీ ఒకేలా పుడతాయి కదండీ. నాలుగో కథకల్లా పిల్లలకు వరస తెలిసిపోతుంది.

కథకురాలు: తెలియనివ్వండి! నాలుగేళ్ల పిల్లలకు అదే ఆనందం. తెర మీంచి పిల్లల్ని ప్రశ్నలడిగే టీవీ కార్యక్రమం ‘బ్లూస్ క్లూస్’ వాళ్లు 1996లో ఒకే ఎపిసోడ్‌ను వరసగా ఐదు రోజులు వేశారు. చూసినకొద్దీ పిల్లలు తెరకు ఇంకా గట్టిగా జవాబులు చెప్పారు.

దర్శకుడు: అక్కడ పిల్లలు ప్రతిరోజూ కొంత ఎక్కువ నేర్చుకున్నారు. ఇక్కడ జీనీలు నిన్న చేసిన తప్పే ఇవాళా చేస్తారు. నేర్చుకుంటున్నవాళ్లని చెప్పి, నేర్చుకోకుండా ఉంచడం నాకు నచ్చదు. ఇక పని సంగతి. ఒక్కో పొరపాటుకు ఒక్కో కొత్త వస్తువు కావాలి. 2డీలో ఏ వైపు నుంచి చూపిస్తామో ఆ వైపు గీస్తే సరిపోతుంది. 3డీలో ముందు మోడల్ చేయాలి, పైన రంగూ గరుకూ వేయాలి, కదిలేదైతే లోపల రిగ్, అంటే కదిలించడానికి ఎముకల గూడులాంటిది, పెట్టాలి, ఆపైన లైటింగ్. ఇంతా చేసి తెర మీద నలభై సెకన్లు. మళ్లీ ఎప్పుడూ రాదు. నీళ్లో జుట్టో అయితే ఇంకా భారం. అందుకే కథను ఒక ఊళ్లో పెట్టి, అవే మేడలూ అవే తోటలూ మళ్లీ మళ్లీ వాడుకోవడం మంచి ఆలోచన.

కథకురాలు: ఊరు మార్చుకోండి, కాదనను. జీటాను ఎందుకు తెచ్చారంటాను. తప్పు మన చేతిలో జరిగినప్పుడు, లియా ముఖం రెండు సెకన్లు చిన్నబోతుంది, జీనీ అది చూస్తుంది, క్షమించమంటుంది, లియా పరవాలేదంటుంది. ఇరవై సెకన్ల ముచ్చట, కానీ పిల్లలు ఇంట్లో ఆడుకునేది దాన్నే. మాంత్రికురాలు వచ్చిందంటే తప్పంతా ఆవిడదే. ఇంక ఎవరు ఎవరికి సారీ చెప్పాలి?

దర్శకుడు: మంచి మాటే. మరి మీ మొదటి సీజన్‌లో లియా తన ప్రాణస్నేహితుడు జాక్‌కు జీనీల సంగతి చెప్పదు. పక్కింటి పిల్లాడు, రోజూ కలిసి ఆడుకునేవాడు. అతను వస్తే జీనీలు దాక్కోవాలి. స్నేహం గురించిన కథ దాపరికం మీద నిలబడొచ్చా? తర్వాత జాక్‌కూ కాజ్ అనే జీనీని ఇచ్చాకే ఆ ముడి వీడింది.

కథకురాలు: అక్కడ ఓడిపోయాను. దాగుడుమూతల నవ్వు కోసం అసలు విషయాన్నే తాకట్టు పెట్టారు.

దర్శకుడు: ఇంకొకటి. మీ కోరికలు తప్పేది మాట వల్ల. జీనీ ఒక మాటకు ఇంకో అర్థం తీసుకుంటుంది. డబ్బింగ్‌లో ఆ చమత్కారం చచ్చిపోతుంది.

కథకురాలు: తెలుగులో రాసుకుంటే చచ్చిపోదు. పాప “బుట్ట నిండా పళ్ళు కావాలి” అంది. జీనీ చిటిక వేసింది. బుట్ట నిండా తెల్లటి దంతాలు, టకటకమని కొట్టుకుంటున్నాయి.

దర్శకుడు: బాగుంది! కానీ ఒకే మాటకు రెండర్థాలని పట్టుకోవడం నాలుగేళ్లవాళ్లలో చాలామందికి కష్టం. ఆరేడేళ్లకు గాని ఆ హాస్యం సరిగా అందదు.

కథకురాలు: అందుకే మాటకు ముందు బొమ్మ. పాప కోరిక చెప్పేటప్పుడు ఆమె తల మీద మామిడిపండు, అరటిపండు బొమ్మలు మెదలాలి. జీనీ “పళ్ళా? పళ్ళేగా!” అంటూ తన పంటిని వేలితో తట్టాలి. అక్కడ ఒక్క సెకను ఆగాలి. ఆ సెకను లేకపోతే పిల్లలు వింత చూస్తారు, తప్పు ఎక్కడ జరిగిందో చూడరు. తర్వాతే చిటిక. మాట అందనివాళ్లు కూడా వేలు చూసి నవ్వుతారు.

దర్శకుడు: సరే, ఒప్పుకున్నాను.

కథకురాలు: లెక్క కావాలనడానికి ఇంకో కారణం ఉంది. 2011లో ‘పీడియాట్రిక్స్’ అనే పిల్లల వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 60 మంది నాలుగేళ్ల పిల్లలు. కొందరు తొమ్మిది నిమిషాలు వింతలతో పరుగెత్తే కార్టూన్ చూశారు, కొందరు నెమ్మదైన కార్టూన్, కొందరు బొమ్మలు గీసుకున్నారు. వెంటనే పరీక్షిస్తే, ఆగి ఆలోచించి చేయాల్సిన పనుల్లో మొదటివాళ్లు వెనకబడ్డారు.

దర్శకుడు: చూసిన వెంటనే తేలిన సంగతి అది. ఎంతసేపు నిలుస్తుందో ఆ పరీక్ష చెప్పదు. ఈ సిరీస్ మీద చేసిందీ కాదు.

కథకురాలు: నిజమే. దాని బలంతో మీ ఎపిసోడ్లను కొట్టిపారేయను. కానీ నిమిషానికొక వింత పెడితే, ముందు వింత అర్థమయ్యేలోపే తర్వాతది వచ్చి మీద పడుతుందన్నది కథ రాసేటప్పుడే తెలుస్తుంది. మూడింటితో ఆపితే ఒక్కోదాన్నీ కాసేపు నిలబెట్టి చూపించొచ్చు.

దర్శకుడు: అయితే మూడో కోరికను వాడకుండానే వదిలేద్దాం. పాప చివర్లో దాన్ని మిగుల్చుకుంటుంది. పిల్లలకు నిగ్రహం చూపించినట్టూ ఉంటుంది, నాకు ఒక మోడల్ తగ్గుతుంది.

కథకురాలు: వద్దండి. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కూర్చున్న పిల్లకు రెండు వేళ్లు మడిచాక మూడోది అలాగే ఉండిపోతుంది. మూడోది వాడాలి, అదీ తప్పాలి. మీకు మోడల్ తగ్గాలంటే, ఆ మూడో చిటికకు బుట్టలో ఉన్న ఆ దంతాలనే పెద్దవి చేస్తాను.

దర్శకుడు: పెద్దవి చేయడమే అయితే రిగ్ అదే సరిపోతుంది. రాయండి.