మా బావగారూ, మొక్కజొన్న పైపూ

పైపు కాల్చేవాళ్లు పొగాకు కంటే అగ్గిపుల్లలే ఎక్కువ కాలుస్తారు. ఇది ఎవరో చెబితే విన్న మాట కాదు, మా బావగారి బాల్కనీలో అక్క రోజూ ఊడ్చి ఎత్తిన పుల్లల పోగు చూసి చెబుతున్న మాట.

బావగారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. సర్వీసు మొత్తంలో సిగరెట్ ముట్టలేదు, చుట్ట ముట్టలేదు, వక్కపొడి కూడా పెళ్లిళ్లలో ఎవరైనా పళ్లెం ముందుకు తోస్తే మొహమాటానికి రెండు పలుకులు నోట్లో వేసుకునే రకం. అలాంటి మనిషి అరవై దాటాక పైపు పట్టడానికి కారణం సెయింట్ లూయిస్‌లో ఉన్న మా మేనల్లుడు. అమ్మానాన్నల్ని అమెరికా తీసుకెళ్లిన ప్రతి కొడుక్కీ ఒక దశ వస్తుంది, గుళ్లు అయిపోతాయి, మాల్స్ అయిపోతాయి, ఇండియన్ స్టోర్‌లో బెండకాయల ధర చూసి అమ్మ నిట్టూర్చడం కూడా అయిపోతుంది, ఇక శనివారం వస్తుందంటే ఏం చూపించాలో తెలియక టెన్షన్. అలాంటి ఒక శనివారం వాడు వీళ్లని కారులో ఎక్కించుకుని మిస్సోరీ నది ఒడ్డున ఉన్న వాషింగ్టన్ అనే చిన్న ఊరికి తీసుకెళ్లాడు. అధ్యక్షుడు ఉండే వాషింగ్టన్ కాదు. ఈ ముక్క ఇండియా వచ్చాక అక్క ఎవరికీ చెప్పలేదు.

ఆ ఊరి గొప్పంతా మొక్కజొన్న పైపుల్లో ఉంది. గింజలు ఒలిచేశాక మనం గేదెకి పడేసే బెండు ఉంటుంది చూడండి, దాన్ని ఆరబెట్టి, లోపల తొలిచి, గొట్టం తగిలిస్తే పైపు. హెన్రీ టిబ్బే అని హాలండ్ నుంచి వలస వచ్చిన చెక్కపని ఆయన దగ్గరికి ఒక రైతు బెండు పట్టుకొచ్చి పైపు చేసిపెట్టమన్నాడట, అలా 1869లో మొదలైన వ్యాపారం ఇప్పటికీ నడుస్తోంది. పైనున్న గరుకంతా ప్లాస్టర్‌తో పూడ్చి నున్నగా చేసే పద్ధతికి 1878లో పేటెంటు కూడా తీసుకున్నారు. గేదె తినాల్సిన దానికి పేటెంటు! రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సేనాని జనరల్ మెకార్థర్ నోట్లో పొడుగ్గా కనిపించేది ఈ బెండు పైపే. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఆ జనరల్ ఫొటో ముందు బావగారు చాలాసేపు నిలబడి, "నల్ల కళ్లద్దాలు మనకీ ఉన్నాయి కదా" అన్నారట. ఉన్నాయి. శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రివాళ్లు ఇచ్చినవి.

ఇక్కడ ఒక మాట. పొగాకు కోసం అమెరికా దాకా వెళ్లాల్సిన వంశం కాదు మాది. రాజమండ్రి మనుషులం. గోదారి లంకల్లో వరద తీశాక మిగిలే ఒండ్రులో పండే పొగాకు చుట్టలకి పెట్టింది పేరు, పొగాకు మీద పరిశోధనకి కేంద్ర సంస్థని 1947లో పెట్టిందీ మా ఊళ్లోనే, కాస్త పైకి జంగారెడ్డిగూడెం వైపు వెళితే వర్జీనియా ఆకుని బ్యారన్లలో సెగపెట్టి పసుపుపచ్చగా దించుతారు. మా తాత చుట్ట చుట్టుకోవడానికి పట్టే టైము మనం చెప్పులేసుకునే టైము. ఆకు తీసి, తొడ మీద పరిచి, రెండు దొర్లింపులు, అంతే, ఇక లంకలోంచి ఇల్లు చేరేదాకా వెలుగుతూనే ఉండేది. ఈ సంగతి గుర్తుచేస్తే బావగారు నా వైపు జాలిగా చూసి, "అది చుట్టయ్యా. ఇది పైపు. ఇందులో ఆలోచన ఉంటుంది" అన్నారు.

ఆలోచన సంగతేమో గానీ రూల్స్ మాత్రం ఉన్నాయి. బావగారు వాటన్నిటినీ వీడియోల్లో చూసి పాత డైరీలో నంబర్లు వేసి రాసుకున్నారు. పొగ లోపలికి పీల్చకూడదు, నోట్లోనే తిప్పి వదిలేయాలి. మొదట వెలిగించింది ఉత్తుత్తి వెలిగింపు, అప్పుడు పొగాకు పైకి ఉబ్బుతుంది, దాన్ని మెల్లిగా అణిచి మళ్లీ వెలిగించాలి, అదే అసలు వెలిగింపు. గట్టిగా పీలిస్తే పొగాకులో తడి ఆవిరై నాలుక కాలుతుంది, మెల్లిగా పీలిస్తే ఆరిపోతుంది. వేడిగా ఉన్నప్పుడు గొట్టం ఊడదీయకూడదు. అంటే ఏం చేసినా తప్పే అన్నమాట. ఇది నేను పైకి అనలేదు, అక్క అంది.

ముహూర్తం చూసుకుని మొదలుపెట్టింది శ్రావణమాసపు ముసురులో. అమెరికా నుంచి తెచ్చిన పొగాకు వెనిలా వాసనది, అసలే ఎండిపోకుండా ఉండాలని తడి పట్టించి ప్యాక్ చేస్తారు, దానికి తోడు గోదారి గాలి. ఎన్ని పుల్లలు గీసినా చిటపటమని ఏడ్చి ఆరిపోయేది. నాలుగు పీల్పులు పీల్చేసరికి గొట్టంలోంచి గురగురమని చప్పుడు, నోట్లోకి చేదు నీళ్లు. కాస్త ఆరబెడితే వెలుగుతుందని ఎవరో వీడియోలో చెప్పారు. ఆరబెట్టడం అంటే కాగితం మీద పరిచి వదిలేయమని ఆ చెప్పినాయన ఉద్దేశం. బావగారికి ఓపిక తక్కువ. అక్క గుడికి వెళ్లిన టైము చూసుకుని స్టవ్ మీద పెనం పెట్టి సన్నటి సెగ మీద పొగాకు వేయించారు.

అక్క మెట్లెక్కుతూనే వాసన పట్టేసింది. "కేకు చేస్తున్నారా ఏవండీ?" అంటూ నిజంగానే మురిసిపోతూ వంటింట్లోకి వచ్చింది పాపం. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన స్టవ్ వెలిగించడం చూడలేదు. తీరా చూస్తే అట్లకాడతో పొగాకు తిరగేస్తున్నారు, అదీ దోసెల పెనం మీద, మా అమ్మ పెట్టిన ఇనప పెనం, ఎన్నో ఏళ్లుగా నూనె తాగి నల్లగా నిగనిగలాడే పెనం. తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు, చూసినవాళ్లు చెప్పలేదు. ఆ పెనం మాత్రం ఇప్పుడు బాల్కనీలో తులసికుండీ కింద ఉంది, కొత్తది నాన్‌స్టిక్ కొన్నారు, దోసెలు బావుండటం లేదు.

అసలు గొడవ ఇది కాదు. అసలు గొడవ మూడు చేతుల సూత్రం.

పైపులో పొగాకు కూరడానికి పాతకాలపు తెల్లదొరల సూత్రం ఒకటుంది. మొదటి వరస చంటిపిల్లాడి చేత్తో నొక్కినట్టు వదులుగా, రెండోది ఆడమనిషి చేత్తో నొక్కినట్టు కాస్త గట్టిగా, మూడోది మగవాడి చేత్తో నొక్కినట్టు బిగించి. కింద వదులు, పైన బిగువు, మధ్యలో గాలి ఆడాలి. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి బావగారు ఈ సూత్రం మీదే ఉన్నారు. ఆయన కూరింది అప్పటిదాకా ఒక్కసారీ సరిగ్గా కుదరలేదు. "లోపం ఎక్కడుందో తెలిసిందయ్యా. మూడు చేతులూ నావే అవుతున్నాయి" అన్నారు. నేను ఏదో అనేలోగా, "ఏమేవ్, ఒకసారి ఇలా రా" అని కేకేశారు.

చంటిపిల్లాడి వంతుకి ఎదురు ఫ్లాట్ కుర్రాణ్ని పిలుద్దామనే ఆలోచన కూడా వచ్చిందట, అక్క చూసిన చూపుకి అది అక్కడే ఆగింది. ఆ వరస ఆయనే చిటికెనవేలితో ముద్దుగా నొక్కారు. రెండో వరస అక్కకిచ్చారు.

ఆ సూత్రం రాసిన దొర ఎవరో గానీ ఆయన ఆవకాయ పెట్టే ఆడమనిషి చెయ్యి చూసి ఉండడు. అక్క ఏటా జాడీలో ముక్కలు దించి, గాలి బుడగ మిగలకుండా పిడికిలి బిగించి అదిమే మనిషి. "నొక్కమన్నారుగా?" అని ఒకసారి అడిగి, చీర కొంగు దోపుకుని, బొటనవేలు ఆ బెండులో పెట్టి, మోచేతి దగ్గర్నుంచి బలం తెచ్చి ఒక్కటే అదుము. పొగాకు సగానికి దిగిపోయింది. చోటు మిగిలింది కదా అని ఇంకో చిటికెడు వేసి మళ్లీ అదిమింది. పైన బావగారు రూల్ ప్రకారం మగచెయ్యి వేశారు. మొత్తానికి పైపు తిరగేసి కొట్టినా పలుకు రాలదు.

వెలిగించారు. పైన ఎర్రగా అంటుకుంది, కింద గాలి లేదు. బావగారు పీలుస్తున్నారు, బుగ్గలు లోపలికి పోతున్నాయి, కళ్లు బయటికి వస్తున్నాయి, పొగ మాత్రం లేదు. "బావగారూ, వదిలేయండి" అన్నాను. చేత్తోనే ఆగమన్నారు. గొట్టం ఊడదీసి చీపురుపుల్లతో పొడిచారు, వేడిగా ఉన్నప్పుడు గొట్టం తియ్యకూడదని రాసుకున్న డైరీ పక్కనే తెరిచి ఉంది. పొడిచింది కాస్త ఎక్కువైనట్టుంది, లోపల ఎక్కడో దారి పడింది. గొట్టం తగిలించి మళ్లీ గుండెల నిండా ఒక్క పీల్పు పీల్చేసరికి అప్పటిదాకా రాని పొగంతా ఒక్కసారే వచ్చింది. నోట్లో తిప్పి వదిలే టైము ఎక్కడిది, మింగేశారు. దగ్గు మొదలైంది, దగ్గుకి పైపు ఊగింది, పైనున్న నిప్పు ముక్క ఎగిరి లుంగీ మీద పడింది.

లుంగీ సంగతి చెప్పను. బాల్కనీలో ఉన్నాం, ఎదుటి అపార్ట్‌మెంటు బాల్కనీల్లో జనం ఉన్నారు, అక్కడితో ఆపుతాను.

నిప్పు ఆర్పాక అసలు పొగ పని మొదలుపెట్టింది. పైపు పొగాకు నికొటిన్ నోటి పొరల్లోంచే ఒంట్లోకి ఎక్కుతుంది, పీల్చకపోతే ఏమీ కాదన్నది ఒట్టి భ్రమ. ఇక్కడ నోరు చాలదన్నట్టు ఊపిరితిత్తులకీ కడుపుకీ కూడా పంచారు. మొహం పాలిపోయింది, నుదుటి మీద చెమట, ఆగని వెక్కిళ్లు, "ఫ్యాన్ ఎందుకలా తిరుగుతోంది" అని అడిగారు, బాల్కనీలో ఫ్యాన్ లేదు. అక్క తిట్టడం పూర్తిగా మానేసింది, అప్పుడే నాకు భయమేసింది. పంచదార నీళ్లు తాగించి, గచ్చు మీద పడుకోబెట్టి, మొహాన తడిగుడ్డ వేసి విసురుతూ కూర్చుంది. ఎంతసేపటికో గానీ మనిషి తేరుకోలేదు. తేరుకున్నాక అన్న మొదటి మాట, "వెలిగింది చూశావా?"

ఈలోగా బాల్కనీలోంచి పొగ, అరుపులు వచ్చాయని వాచ్‌మన్ వాళ్లమ్మ పైకొచ్చింది. శ్రీకాకుళం మనిషి, మేమంతా మామ్మా అనే పిలుస్తాం. ఆమె కాల్చేది అడ్డపొగ. తెలియనివాళ్లకి చెప్పాలంటే చుట్ట వెలిగించి, వెలిగిన కొస నోట్లో పెట్టుకుని కాల్చడం, ఆ వైపు ఊళ్లల్లో పెద్ద వయసు ఆడవాళ్లకి అలవాటు. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా మొత్తుకుంటున్నారు, ఆమె కొడుకు కూడా మొత్తుకుంటున్నాడు, వినదు. ఆమె నోట్లో నిప్పుతోనే మాట్లాడుతుంది, నవ్వుతుంది, కొడుకుని తిడుతుంది. కింద పడుకున్న బావగారినీ, లుంగీనీ, పైపునీ వరసగా చూసి నోట్లోంచి చుట్ట తీసింది.

"ఏటైనాది బాబూ?"

"ఆరిపోతోంది మామ్మా. ఎంత వెలిగించినా ఆరిపోతోంది" అన్నారు బావగారు, ఎక్కిళ్ల మధ్య.

ఆమె పైపు చేతిలోకి తీసుకుని, గొట్టం చూసి, బెండు చూసి, బెండుని గోటితో గీకి మరీ చూసి, "అగ్గి బయట ఎట్టి గొట్టం నోట్లో ఎట్టుకుంటే ఆరిపోదా ఏటి? లోపలెట్టుకోవాల. గాలొచ్చినా వానొచ్చినా ఆరదు" అంది.

బావగారు లేచి కూర్చుని ఆలోచించడం మొదలుపెట్టారు. అక్క ఆ ఆలోచన ఎటు పోతోందో నాకంటే ముందే గ్రహించి పైపు లాక్కుంది.

ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి వెళితే ఆయన నాలుక చూసి, బీపీ చూసి, ఏ వయసులో ఏం మొదలుపెట్టారండీ అని బావగారిని అడగాల్సింది పోయి నన్ను అడిగాడు. వారం పాటు కారం లేని కూర తిన్నారు బావగారు, అదీ గుంటూరు మిరపకాయ లేనిదే ముద్ద దిగని మనిషి. ఇప్పుడు పైపు ఉంది, నిప్పు లేదు. సాయంత్రం గోదారి గట్టున బెంచీ మీద కూర్చుని ఖాళీ పైపు నోట్లో పెట్టుకుని నల్ల కళ్లద్దాలతో ఫొటో దిగుతారు, వాట్సాప్‌లో పెడతారు. ఒక పెద్దాయన ఆగి, ఇలాంటి చోట పొగ తాగకూడదండీ అని మందలిస్తే, పైపు తిరగేసి ఖాళీ గిన్నె చూపించి మరీ గర్వంగా నవ్వారట.

మిగిలిన పొగాకు ప్యాకెట్ అక్క ఇంట్లో ఉంచనంది. సంగతి తెలిసి మామ్మ తనకిమ్మంది, సీమ పొగాకు కదా ఒకసారి చూద్దామని. వద్దని చెప్పి చూశాం, కొడుకు కూడా అరిచాడు, మా మాట ఎవరు విన్నారు గనక. తన ఆకులోనే దాన్ని దోపి చుట్టుకుందట. మర్నాడు పొద్దున్నే ప్యాకెట్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. లోపల్నుంచి బావగారు ఆశగా, "ఎలా ఉంది మామ్మా?" అన్నారు.

"ఇది పొగాకేటి బాబూ, పరవాన్నం. నోరంతా తీపెక్కిపోనాది" అని ప్యాకెట్ అరుగు మీద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది. "రేత్రి తలగడ కింద ఎట్టుకున్నాను. ఇల్లంతా సీమలు."